స్తంభం దిగి వసారాలోకి

మీ ఊళ్ళో ఫైబర్ నెట్ ఉందా అని అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. సర్కారు లెక్కలు చదివేవాడు "ఎప్పుడో వచ్చేసింది కదా" అంటాడు. పంచాయతీ ఆఫీసులో పనిచేసే అమ్మాయి "బాక్సు ఉందండీ, ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది" అంటుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మాత్రం "సంక్రాంతికి మనవడొచ్చి పెట్టించాడయ్యా, గాలేస్తే పోద్ది" అంటాడు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. పంచాయతీ ఆఫీసుకీ పెద్దాయన అరుగుకీ మధ్య మహా అయితే ముప్పావు కిలోమీటరు ఉంటుంది. దేశంలో వేల కోట్లు పోసి వేసిన కేబుల్ అంతా ఆ ముప్పావు కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి నీరసించిపోతుంది. ఎందుకో చెబుతాను, తీరిగ్గా కూర్చోండి.

ముందు ఆ కేబుల్ సంగతి చూద్దాం. నల్ల తోలు వలిచి, లోపలి రంగు పూత కూడా గీకేస్తే మిగిలేది గాజుపోగు. మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అదంతా కూడా దారి కాదు. వెలుతురు నడిచేది నట్టనడుమ తొమ్మిది మైక్రాన్ల మేర, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని చోట. చుట్టూ ఉన్న గాజు కాస్త వేరే రకం కావడంతో, పక్కకి జారబోయిన వెలుతురుని మళ్ళీ లోపలికే నెట్టేస్తుంది.

1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇంగ్లండులో కూర్చుని ఒక లెక్క కట్టారు. కిలోమీటరు నడిచాక నూటికి ఒక పాలు వెలుతురు మిగిలితే చాలు, టెలిఫోను వాళ్ళకి గాజు పనికొస్తుంది అని. అప్పట్లో దొరికే గాజులో ఆ ఒక్క పాలు కూడా మిగిలేది కాదు. తప్పు గాజుది కాదు, అందులో కలిసిన మలినాలది అని కావో పట్టుబట్టాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1970లో, అమెరికాలో కార్నింగ్ కంపెనీ వాళ్ళు ఆ గీత దాటేశారు. ఇవాళ మన కొబ్బరిచెట్ల మధ్య వేలాడే మామూలు కేబుల్లో, సరైన రకం వెలుతురు పంపితే, పదిహేను కిలోమీటర్లు పోయాక కూడా సగం మిగిలే ఉంటుంది. కావోకి నోబెల్ బహుమతి మాత్రం 2009లో వచ్చింది. ఫైళ్ళు అక్కడా నెమ్మదే.

ఇంత గొప్ప గాజు కూడా ఇప్పుడు చవక. ఖరీదంతా గోతిది.

ఒక కిలోమీటరు గొయ్యి తవ్వాలనుకోండి. రోడ్డు పక్కన తవ్వాలంటే రోడ్ల శాఖ వాళ్ళని అడగాలి. తారు పగలగొడితే మళ్ళీ వేయడానికి డిపాజిట్టు కట్టాలి. కాలవ దాటాలంటే ఇరిగేషన్ వాళ్ళు, పట్టాలు దాటాలంటే రైల్వే వాళ్ళు, ఊళ్ళో అడుగు పెడితే పంచాయతీ వాళ్ళు. కాగితాలన్నీ చేతికొచ్చి తవ్వడం మొదలెడితే, మా కోనసీమలాంటి చోట మీటరు లోతుకే నీళ్ళు ఊరుతాయి. పట్నంలో అదే కిలోమీటరు తవ్వితే దారి పొడుగునా అపార్ట్‌మెంట్లు, ఒక్కోదానిలో యాభై వాటాలు. మా దగ్గర తోటకొక ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుక్క. ప్రైవేటు కంపెనీ ఏదైనా ఈ లెక్క చూసి వెనక్కి తిరిగి పోయిందంటే దాన్ని తిట్టి లాభం లేదు. లెక్క అలాగే ఉంది మరి.

ఇక్కడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉపాయం పన్నింది. గొయ్యే వద్దు, ఊరూరా కరెంటు స్తంభాలు ఉన్నాయి కదా, వాటికి కట్టేద్దాం అని. 2015లో ఇందుకోసం ఫైబర్‌నెట్ సంస్థ పెట్టారు. కరెంటు తీగల పక్కనే వేలాడాలి కాబట్టి లోహం ముక్క కూడా లేని, తన బరువు తానే మోసుకునే కేబుల్ తెచ్చారు. మొదటి విడతలో సుమారు 24 వేల కిలోమీటర్లు లాగారు, ఖర్చు 333 కోట్లు. భూమిలో వేస్తే ఇంతకి ఎన్నో రెట్లు అయ్యేది. యంత్రాలు పెట్టడానికి కొత్త గదులు కట్టే పని కూడా పెట్టుకోలేదు. రెండు వేలకు పైచిలుకు విద్యుత్ సబ్‌స్టేషన్లలో ఓ మూల చోటు చేసుకున్నారు. అక్కడ కరెంటు ఉంది, కంచె ఉంది, రాత్రిళ్ళు మేలుకునే మనిషీ ఉన్నాడు. ఇంకేం కావాలి!

2016 డిసెంబరు చివర్లో ఈ నెట్ మొదట దిగిన ఊరు మాకు దగ్గరలోదే, మోరి. జీడిపప్పు తినేవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ఇంటింటా జీడిగింజలు కాల్చి వలిచే ఆ ఊళ్ళో ఒక్కసారిగా ముఖ్యమంత్రి, అమెరికా ప్రొఫెసర్లు, కెమెరాలు దిగేసరికి వలిచే చేతులు కాసేపు ఆగాయట. మరుసటి ఏడాది, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి మొత్తం పథకాన్ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ. ధరలు తర్వాత మారాయి కానీ ఆ 149 అనే అంకె మాత్రం జనం నోట్లో నిలిచిపోయింది. ఇప్పటికీ కొందరు కేబుల్ వాళ్ళతో బేరం అక్కడి నుంచే మొదలుపెడతారు.

తెలంగాణది ఇంకో దారి. మిషన్ భగీరథ కింద అప్పట్లో ఊరూరికీ మంచినీళ్ళ గొట్టాలు వేయడానికి ఎలాగూ గోతులు తవ్వుతున్నారు. అదే గోతిలో ఫైబర్ దూర్చడానికి ఇంకో సన్నని గొట్టం పడేస్తే సరిపోయె అన్నారు. కూలి ఒకటే, అనుమతి ఒకటే. నన్నడిగితే ఇది ఎక్కువ ముందుచూపున్న పని. కాకపోతే నీళ్ళ పని ఎప్పుడు పూర్తయితే నెట్ పని అప్పుడు మొదలయ్యేది. స్తంభం మీది కేబుల్‌కి ఆ నిరీక్షణ లేదు, కానీ దానికి గాలి భయం ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో స్తంభాలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళకి ఆ భయం వేరే చెప్పక్కర్లేదు. స్తంభం పడితే దాని మీద ఉన్నదంతా పడుతుంది.

సరే, సబ్‌స్టేషన్ దాకా వచ్చాం. అక్కడి నుంచి మీ వసారాలోకి తెచ్చేదెవరు? మంత్రులూ కాదు, ఇంజనీర్లూ కాదు. కేబులబ్బాయి.

ఈ మనిషికి రావలసినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. 1995లో ఈటీవీ, జెమినీ మొదలైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. డాబా మీద గొడుగులాంటి డిష్షు పెట్టి, చెట్లకీ చూరులకీ నల్ల కేబుల్ చుట్టుకుంటూ ఇంటింటికీ సీరియళ్ళు పంచినవాడు అతనే. నెలనెలా గుమ్మం ముందు నిలబడి డబ్బులు అడిగినవాడు అతనే. తర్వాత సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేసినప్పుడు ఊరి తిట్లన్నీ తిన్నవాడూ అతనే. అతని దగ్గర ఏ పెద్ద కంపెనీకీ లేని ఆస్తి ఒకటి ఉంది. ఏ ఇంటి వెనక నుంచి పోతే దగ్గరదారి, ఎవరి గోడకి మేకు కొడితే గొడవ, ఏ కుక్క నిజంగా కరుస్తుంది, ఎవరు ఒకటో తారీఖున ఇస్తారు, ఎవరు పంట అమ్మాక ఇస్తారు, ఇవన్నీ అతనికి కంఠతా వచ్చు. ఫైబర్‌నెట్ వాళ్ళు చేసిన తెలివైన పనుల్లో నా లెక్కన మొదటిది స్తంభాలు కాదు, ఈ కేబుల్ ఆపరేటర్లని పక్కకి నెట్టకుండా ఇంటింటి పని వాళ్ళకే అప్పగించడం. బీఎస్ఎన్ఎల్ కూడా చివరికి ఇదే దారిలోకి వచ్చింది. ఊరి మనిషి లైను లాగుతాడు, వచ్చే డబ్బులో వాటా తీసుకుంటాడు.

ఇప్పుడు కాస్త లోపలి సంగతి. విసుగొస్తే చెప్పండి, కానీ రాదనుకుంటాను, ఎందుకంటే ఇది మన డెల్టా రైతుకి పుట్టుకతో తెలిసిన వ్యవహారం. కేబుల్ ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని నుంచి ఒక్క గాజుపోగు ఊళ్ళోకి వస్తుంది. దారిలో స్తంభం మీద ఒక డబ్బా, అందులో స్ప్లిట్టర్. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఒక పోగులో వచ్చిన వెలుతురుని ఎనిమిది పాళ్ళో, పదహారు పాళ్ళో, ముప్పై రెండు పాళ్ళో చేసి పంచడమే దాని పని. పైనుంచి వచ్చేది అందరి ఇళ్ళకీ ఒకేసారి వస్తుంది. పక్కింటాయన చూస్తున్న సినిమా కూడా మీ ఇంటి బాక్సు దాకా వస్తుందన్నమాట. ఆశపడకండి, దానికి తాళం ఉంటుంది. ఎవరి బాక్సు వాళ్ళ సరుకు మాత్రమే విప్పగలదు.

ఇళ్ళ నుంచి తిరిగి పైకి పోయేటప్పుడే చిక్కు. అందరూ ఒకే పోగులోకి వెలుతురు కొడితే కలగాపులగం అయిపోతుంది. అందుకని ఓఎల్‌టీ వంతులు వేస్తుంది. చివరి ఆయకట్టులో బోదె నీళ్ళకి లస్కరు వంతులు వేసినట్టే, నీ వంతు ఇప్పుడు, నీది తర్వాత, నీ మడి నిండింది కాబట్టి మడవ కట్టెయ్ అని. తేడా ఏమిటంటే ఇక్కడ వంతులు సెకనుకి వేలసార్లు తిరుగుతాయి, అర్ధరాత్రి లాంతరు పట్టుకెళ్ళి పక్కవాడి మడవ తెంపే వీలు లేదు.

ఈ రకం లైనులో కిందికి వచ్చేది మొత్తం రెండున్నర గిగాబిట్లు. ముప్పై రెండు ఇళ్ళవాళ్ళూ ఒకేసారి విరగబడి వాడినా ఇంటికి 75 మెగాబిట్లకి తక్కువ పడదు. మన టెలికం శాఖ లెక్కలో 2004లో 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్, 2013లో 512, 2023లో దాన్ని 2 మెగాబిట్లకి పెంచారు. ఆ కొలత ముందు మన పల్లెటూరి గాజుపోగు మహారాజు. మరి ఐపీఎల్ మ్యాచి రాత్రి బొమ్మ ఎందుకు తిరుగుతూ ఉంటుంది అంటారా? ఆ జబ్బు చాలాసార్లు మీ ఊరి పోగులో ఉండదు. ఆపరేటర్ పైనుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్‌లో ఉంటుంది. వంద మందికి సరిపడా కొని మూడొందల మందికి అమ్మితే, మ్యాచి లేని రోజున ఎవరికీ తెలియదు. అతన్ని అడగాల్సింది "ఎన్ని ఎంబీపీఎస్ ప్లాను" అని కాదు, "రాత్రి తొమ్మిదింటికి ఎంత వస్తుంది" అని.

తెగిన ఫైబర్ అతికించడం ఎప్పుడైనా చూశారా? వీలు దొరికితే చూడండి, కచేరీకి తక్కువేం కాదు. మా వీధి చివర ఓ సాయంత్రం అతికిస్తుంటే పిల్లలూ పెద్దలూ చుట్టూ మూగారు. కేబులబ్బాయి బైకు సీటే బల్ల. కేబుల్ తోలు ఒలిచాడు, లోపల పన్నెండు పోగులు పన్నెండు రంగుల్లో బయటపడ్డాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇలా వరస తప్పకుండా లెక్కపెడతారు, ప్రపంచంలో ఎక్కడైనా చాలావరకు ఇదే వరస. పూత గీకి, స్పిరిట్‌తో తుడిచి, చిన్న కత్తెరపెట్టెలో పెట్టి చివర నున్నగా తెంపాడు. తెగిన ముక్కని జాగ్రత్తగా ఓ ప్లాస్టిక్ సీసాలో వేశాడు. కాలికి గుచ్చుకుంటే కనబడదు, తీయడానికీ రాదు. రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మిషన్లో పెడితే తెర మీద రెండు దూలాల్లా కనిపించాయి. మిషను వాటిని అటూ ఇటూ కదిపి సరిపెట్టి, చిటుక్కుమని ఒక మెరుపు మెరిపించింది. అంతే, గాజు కరిగి కలిసిపోయింది. ఆ మిషను కొనడానికి అప్పు చేశానని చెప్పాడు.

"లోపలికి చూస్తే ఏమన్నా కనబడుద్దా?" అని ఓ కుర్రాడు కొసని కంటి దగ్గర పెట్టబోయాడు.

"ఒరేయ్, కన్ను పోద్ది!" అని ఒక్క కసురు కసిరాడు. ఆ వెలుతురు మన కంటికి కనబడే రకం కాదు. కనబడలేదు కదాని లోపల లేదనుకోవడమే ప్రమాదం. తెగిన చోటు వెతకడానికి వాళ్ళు వాడే ఎర్ర లేజరు పెన్ను వేరు. అది కంటికి కనబడాలనే పెట్టింది.

పని అయ్యాక నావైపు తిరిగి "మాస్టారూ, ఇప్పుడు చూడండి, డీబీ మైనస్ ఇరవై వచ్చింది. ఇందాక ముప్పై ఉందండి" అన్నాడు. ఆ డీబీ గురించి చివర్లో చెబుతాను, అది మీకు పనికొచ్చే సంగతి.

ఇక ఈ పోగుకి ఉన్న శత్రువులు. ఇది రాయడానికి కూర్చుంటే ఓ పురాణం అవుతుంది. మా వైపు మొదటి శత్రువు కొబ్బరిమట్ట. ఎండిన మట్ట పై నుంచి జారి సరిగ్గా కేబుల్ మీదే పడుతుంది, ఎందుకంటే చెట్టుకి కట్టినదే ఆ కేబుల్ కదా. రెండోది వరిగడ్డి ట్రాక్టరు. ట్రక్కు కన్నా రెండింతలు వెడల్పు, తాటిచెట్టంత ఎత్తు వేసుకుని సాయంత్రం చీకట్లో వస్తుంది. డ్రైవరుకి వెనక ఏం తెగిందో ఇంటికెళ్ళాక గానీ తెలియదు. వినాయక చవితి వచ్చిందంటే కేబుల్ వాళ్ళకి పండగ ఉండదు. ఏటా విగ్రహం అడుగు పెరుగుతుంది. ఊరేగింపు ముందు ఇద్దరు కుర్రాళ్ళు పొడుగాటి వెదురుకర్రకి అడ్డపుల్ల కట్టి, ఒక్కో వైరూ పైకెత్తి పట్టుకుని దేవుణ్ణి దాటించాలి. కరెంటు లైన్‌మ్యాన్ వానాకాలం ముందు కొమ్మలు కొట్టించేటప్పుడు కొమ్మతో పాటు కేబుల్ కూడా కింద పడుతుంది. ఆయన లెక్కలో అది ఆయన స్తంభం, అతిథి ఎవరో ఆయనకి అనవసరం.

కోతుల మాట సరే సరి. పొలాల్లో పంట వదిలి ఊళ్ళ మీద పడ్డాక వాటికి వైర్లే ఉయ్యాలలు. ఇది మన గొడవే అనుకోకండి. 2015లో వారణాసిలో గంగ ఒడ్డున వైఫై కోసం వేసిన ఫైబర్‌ని కోతులు కొరికి పడేశాయని దేశమంతా వార్త వచ్చింది.

భూమిలో వేసిన కేబుల్‌కి ఇవేవీ లేవు, దానికి ఒక్కటే గండం, జేసీబీ. రోడ్డు వెడల్పు చేసేవాడో, డ్రైను తవ్వేవాడో ఒక్క బకెట్టు దించితే మండలం మొత్తం చీకటైపోతుంది. తవ్వే ముందు అడగండి బాబూ అని కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అని ఒక యాప్ తెచ్చింది. మంచి ఆలోచనే. జేసీబీ డ్రైవరు ఆ యాప్ తెరవాలంటే మాత్రం ముందు అతని ఫోనుకి నెట్ రావాలి.

కరెంటు గురించి ఓ మాట. పాత నల్ల టెలిఫోను కరెంటు పోయినా మోగేది, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి అదే రాగి తీగలో వచ్చేది. గాజులో కరెంటు రాదు. మీ ఇంట్లో కరెంటు పోతే బాక్సు పోతుంది. ఆపరేటర్ గదిలో బ్యాటరీ దిగిపోతే ఊరంతటికీ పోతుంది. అందుకే ఊళ్ళలో రౌటర్ పక్కన అరచేతిలో పట్టే మినీ యూపీఎస్ ఒకటి కనబడుతుంటుంది. ఫైబర్ పెట్టించుకునేవాళ్ళు అది కూడా కొనుక్కోవడం మేలు, ముఖ్యంగా ఇంటి నుంచి కంపెనీ పని చేసే పిల్లలున్న ఇళ్ళలో. 2020 లాక్‌డౌన్‌లో మనవాళ్ళు బెంగళూరు, హైదరాబాదు నుంచి సొంతూళ్ళకి వచ్చి వసారాల్లో లాప్‌టాప్‌లు తెరిచారు కదా, ఈ పాఠం అప్పుడే నేర్చుకున్నారు.

ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో వెలిగే ఆకుపచ్చ లైటు దగ్గరికి వద్దాం. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ వేద్దామని నిర్ణయించింది. 2012లో దానికో సంస్థ పెట్టారు. పథకం పేరు పొడుగ్గా ఉందనో ఏమో 2015లో భారత్‌నెట్ అని మార్చారు. లక్ష పంచాయతీలు పూర్తి అయ్యేసరికి 2017 డిసెంబరు. వేసినవాళ్ళ కష్టం తక్కువ చేయను, అడవులూ కొండలూ దాటి వేశారు. కానీ లెక్క ఎక్కడ ఆగింది? పంచాయతీ గోడ దగ్గర. బాక్సు బిగించి, ఫోటో తీసి, బిల్లు పెట్టుకుంటే పని అయినట్టే. ఆ గోడ నుంచి ఇళ్ళకి ఎవరు లాగాలి, మధ్యలో తెగితే ఎవరు రావాలి, ఆఫీసుకి తాళం వేసి సెక్రటరీ గారు మీటింగుకి పోతే స్విచ్చి ఎవరు వేయాలి, వీటికి జవాబుదారు ఎవరూ లేరు. పైగా లైను వేసిన తీరు కూడా తోకలా ఒకటే దారి. మధ్యలో ఒక్కచోట తెగితే అవతలి ఊళ్ళన్నీ చీకటే.

2020 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి వెయ్యి రోజుల్లో ఆరు లక్షల ఊళ్ళకీ ఫైబర్ అన్నారు. ఆ వెయ్యి రోజులూ 2023 మేలో గడిచిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో 1.39 లక్షల కోట్లతో పథకాన్ని సవరించారు. నాకు నచ్చినవి ఆ డబ్బు అంకె కాదు, రెండు చిన్న మార్పులు. ఒకటి, తోకకి బదులు గుండ్రంగా వలయంలా లైను వేయడం, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి నడుస్తుంది. రెండోది, వేసిన కాంట్రాక్టరే పదేళ్ళపాటు దాని బాగోగులు చూసుకోవాలనడం. ఈ రెండో ముక్క 2011లోనే రాసుకుని ఉంటే ఎన్నో బాక్సులు పంచాయతీ బీరువాల్లో దుమ్ము కొట్టుకుని ఉండేవి కావు. కిలోమీటర్లు లెక్కపెట్టడం సులువు. తెగిన లైను ఎన్ని గంటల్లో బాగైంది అని లెక్కపెట్టడం మొదలుపెడితే చాలా ఆఫీసుల్లో కుర్చీలు కదులుతాయి.

వేరే దేశాల్లో పల్లెలకి సాఫీగా అందిందనుకుంటున్నారేమో. ఇంగ్లండులో లాంకషైర్ అనే చోట గొర్రెల కాపర్లు, పాలరైతులు ఉండే ఊళ్ళకి పెద్ద కంపెనీలు రామన్నాయి, ఇదే లెక్క చూపించి. 2011లో ఆ ఊళ్ళవాళ్ళు సొంతంగా బి4ఆర్ఎన్ అనే సంఘం పెట్టుకున్నారు, వాటాలు కొన్నారు, ట్రాక్టర్లు తెచ్చి గోతులు తవ్వారు. అసలు కిటుకు ఎక్కడుందంటే, రోడ్డు ముట్టుకోలేదు. పొలాల్లోంచి తవ్వారు. రైతు తన చేలోంచి ఊరికే దారి ఇచ్చాడు, తారు లేదు, డిపాజిట్టు లేదు. నెలకి ముప్పై పౌండ్లకి సెకనుకి గిగాబిట్ నెట్ తెచ్చుకున్నారు, అప్పట్లో లండన్‌లో కూడా చాలామందికి లేనిది. మన దగ్గర గట్టు మీద జానెడు జాగా కోసం కోర్టులకెళ్ళే అన్నదమ్ముల చేత ఊరికే దారి ఇప్పించడం ఎవరి తరం అని మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ చందాలేసి గుడి కట్టే ఊళ్ళు, చెరువు పూడిక తీసుకునే ఊళ్ళు మనకీ ఉన్నాయి.

మా దగ్గర సగం ఇళ్ళలో పిల్లలు డల్లాసులోనో దుబాయిలోనో ఉంటారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వీడియో కాల్‌లో కూర్చునే అత్తయ్యలకి తెలియకపోవచ్చు, వాళ్ళ "బాగున్నావా నాన్నా" అనే మాట గాజులో సెకనుకి రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అమెరికా దాకా పదిహేను ఇరవై వేల కిలోమీటర్లు అనుకున్నా, సముద్రాలు దాటి చేరడానికి సెకనులో పదో వంతు. అదే ఇంటి ముందు స్తంభం దగ్గర పోగు తెగిందనుకోండి, ఆ మూడొందల అడుగులు దాటడానికి రోజులు పడతాయి. "ఆయ్, వత్తన్నానండి, ఇప్పుడే బయల్దేరాను" అనే కేబులబ్బాయి ఇంకా పక్కూళ్ళోనే ఉంటాడు. అతని తప్పూ కాదు. నాలుగు ఊళ్ళకి ఒక్కడే, ఒక్కటే మిషను.

నెట్ నెమ్మదిగా ఉందని అతన్ని పిలిచే ముందు ఒక పని చేయండి. ఫోను పట్టుకుని బాక్సు ఉన్న గదిలోకే వెళ్ళి చూడండి. అక్కడ బాగా వచ్చి వంటింట్లో రాకపోతే దోషం ఫైబర్‌ది కాదు, మన మండువా ఇళ్ళ రెండడుగుల మందం గోడలది. వైఫై వాటిని దాటలేక చతికిలబడుతుంది. బాక్సు సీలింగు దగ్గర మేకుకి వేలాడదీసి, మిగిలిన కేబుల్‌ని ఆ మేకుకే బిగించి చుట్టేయడం కూడా మన దగ్గర అలవాటు. గాజుని అంత బిగువుగా వంచితే వెలుతురు ఒంపు దగ్గరే కారిపోతుంది. చుట్ట కాస్త పెద్దదిగా, వదులుగా ఉంచమనండి.

ఇందాక అన్న డీబీ సంగతి. మీ బాక్సుకి చేరే వెలుతురు ఎంతో చెప్పే అంకె అది, ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. మైనస్ పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, ఇవి మంచి అంకెలు. ఇరవై ఐదు దాటితే జాయింటు ఎక్కడో బాగోలేదని. ఇరవై ఏడు దగ్గర చాలా బాక్సులకి చూపు ఆనదు, అది మిల్లీవాట్‌లో ఐదువందలో వంతు వెలుతురు. అది కూడా దాటితే ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది. కనెక్షన్ ఇచ్చిన రోజున కేబులబ్బాయి దగ్గర చిన్న మీటరు ఉంటుంది కదా, దాంతో కొలిపించి, వచ్చిన అంకెనీ తారీఖునీ బాక్సు అడుగున స్కెచ్ పెన్నుతో రాయించుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే ఎంత పడిపోయిందో అతనికీ మీకూ ఇద్దరికీ కనబడుతుంది, ఫోనులో అరుచుకునే పని ఉండదు. రాయనంటే మాత్రం ఆ ఆపరేటర్ దగ్గర సంవత్సరం ప్లాను కట్టకండి, నెలనెలా కట్టుకోండి.